పశువుల పాకలో వాలబీ

ఈ డిసెంబరులో క్రిస్మస్‌కు జగ్గయ్యపేట చర్చి ఆవరణలో వేసిన పశువుల పాకలో కొత్తగా ఒక రబ్బరు గొర్రెపిల్ల కనిపించింది. విజయవాడలో కొన్నారట. నొక్కితే కూస్తుంది. తల్లి చెయ్యి పట్టుకుని నిలబడిన ఒక పిల్ల దానిని నొక్కి చూసి, "పాత గొర్రెపిల్ల ఏదమ్మా? ఎనక కాళ్ళు పెద్దగా ఉంటాయే, అది?" అని అడిగింది. "అది ఇంక రాదులే" అని ఆ తల్లి పిల్లను కొవ్వొత్తుల వైపు తిప్పింది.

పాతది గొర్రెపిల్ల కాదు. మా బడిలో దానిని ఉంచిన గాజుపెట్టె మీద చాలాకాలం రాసి ఉన్నట్టు కంగారూ పిల్ల కూడా కాదు. అది వాలబీ. కంగారూ కుటుంబానికే చెందినదైనా, పూర్తిగా ఎదిగిన తరువాత కూడా బలిసిన పిల్లిని కొంచెం మించే జంతువు. చనిపోయిన తరువాత చర్మంలో రంపపు పొట్టు కూరి, కాళ్ళలో ఇనుప తీగలు పెట్టి, బతికి ఉన్నట్టు నిలబెట్టారు. ఈ నాలుగు మాటలను ఒక మనిషి చేత ఒప్పించడానికి నా ఉద్యోగ జీవితంలో మంచి భాగం ఖర్చయింది. ఒప్పించలేకపోయాను. ఆ మనిషి గురించే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. గౌరవం వల్ల కాదు. పేరు రాస్తే ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఆమె మంచితనానికి సాక్ష్యాలు పట్టుకుని నా గుమ్మం ముందుకు వస్తారు. అవన్నీ నిజమే అయి ఉంటాయి. నాకు తెలిసినవి వేరు. అవి కూడా నిజమే.

ఊరంతా ఆమెను పెద్ద టీచరమ్మ అనేది. మా ఎయిడెడ్ బడికి ఆమె ప్రధానోపాధ్యాయిని. పై తరగతులకు సైన్సు కూడా తనే చెప్పేది. బడి తెరిచిన మొదటి సోమవారం, జూన్ నెలలో, నేను జీవశాస్త్రం టీచరుగా చేరాను. రోజు విషయంలో నాకు సందేహం లేదు. ఆ సాయంత్రం నేను డైరీలో రాసుకున్న వాక్యం, "ఈమెతో పడదు" అన్నది, ఆ తరువాత దిద్దుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

మా ఇల్లు నందిగామలో. హైవే మీద బస్సు పట్టుకుని రావాలి. ఆమె నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భం ఒక్కటీ లేదు. "ఏం నందిగామా, బస్సు దొరికిందా?" అనేది. నేను గంట కొట్టక ముందు వచ్చినా అంతే, ఆలస్యమైనా అంతే. తోటి టీచర్లు మొదట నవ్వారు. తరువాత వాళ్ళకూ అలవాటై, స్టాఫ్ రూములో నేను నందిగామనే అయిపోయాను. ఎడమచేతి గడియారం పట్టీ కింద ఇస్త్రీ మడత చెడని తెల్ల రుమాలు ఒకటి ఆమెకు ఎప్పుడూ ఉండేది. దానితో ముఖం తుడుచుకోగా నేను చూడలేదు. అది ధూళి కోసం.

జగ్గయ్యపేటలో బల్ల మీద ధూళి లేకుండా ఉంచడం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒక వైపు సున్నపురాయి గనులు, ఒక వైపు సిమెంటు లారీలు. ఇది తెలిసి కూడా ఆమె ఏ ఇంటికి వెళ్ళినా, ఏ గదిలో అడుగు పెట్టినా, మొదట చూపుడువేలితో బల్ల మీద ఒక గీత గీసేది. తెల్లబడిన ఆ వేలిని ఎత్తి ఇంటివాళ్ళకు చూపించేది. ఆ తరువాత వేలిని రుమాలుతో తుడుచుకుని, రుమాలును పట్టీ కిందికి తోసి, అప్పుడు కూర్చునేది. కొత్తకోడళ్ళు ఏడ్చారని విన్నాను. ఆ పరీక్షలో నెగ్గిన ఇల్లు ఊళ్ళో లేదు. ఆమె ఇల్లు కూడా నెగ్గదని ఒకసారి ఆమె వరండాలో నా వేలితో నేనే చూసుకున్నాను.

ఆమె ఎక్కువగా వాడిన మాట "ఆధారం?" అన్నది. పిల్ల "జ్వరం వచ్చింది టీచర్" అంటే, "ఆధారం?" వంటామె "ఉప్పు సరిపోయిందమ్మా" అంటే, "ఆధారం?" ఒకసారి పాస్టరు గారు వాన రావడానికి ప్రార్థన చేసి, "తప్పక కురుస్తుంది" అంటే, ముందు వరుసలో నుంచి ఆ మాట వినపడిందని చెబుతారు. నేను ఆ రోజు లేను కనుక రూఢిగా చెప్పలేను. నమ్మడానికి మాత్రం నాకేమీ ఇబ్బంది లేదు.

ఇంత ఆధారాలు అడిగే మనిషి తన గదిలో, తన కుర్చీ వెనకనే, ఆధారం లేని ఒక కాగితాన్ని గాజుపెట్టెకు అంటించి ఉంచుకుంది. "కంగారూ పిల్ల. ఆస్ట్రేలియా."

చేరిన మొదటి నెలలోనే నాకు అనుమానం వచ్చింది. బూడిద కలిసిన గోధుమరంగు బొచ్చు, మెడ నుంచి వీపు నడుమ దాకా నల్లని చార, గొంతు తెలుపు, చెంప మీద తెల్లని గీత, మూరెడు తోక చివర తెలుపు. పిల్ల జంతువుకు తల పెద్దదిగా, ముఖం గుండ్రంగా ఉండాలి. దీని ముఖం సన్నగా, ముదిరి ఉంది. ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి క్షీరదాల పాఠం చెబుతూ, ఆమె అనుమతితోనే పెట్టెను తరగతికి తెప్పించి తలుపు తీశాను. పెదవి కొంచెం ఎత్తి చూస్తే దవడ పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. పొట్ట కింద చర్మంలో చీలిక ఉంది. సంచి. రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చాను. ఎండిన నాలుగు చనుమొనలు తగిలాయి. మూడు చిన్నవి. ఒకటి సాగి, పొడుగై ఉంది. పిల్ల నోట పెట్టుకుని వేలాడిన చన్ను అలా సాగుతుంది. అంటే ఇది పిల్ల కాదు. ఎదిగిన ఆడది. పిల్లకు పాలిచ్చిన తల్లి.

ఇదే మాట పిల్లలతో చెబుతున్నాను. వెనక నుంచి స్కేలు నా మణికట్టు మీద పడింది. గట్టిగానే పడింది.

"చెయ్యి తియ్యి. ఎవరి కడుపులో పెడుతున్నావ్ చెయ్యి?"

"ఇది పిల్ల కాదండి. సంచిలో పాలిచ్చిన గుర్తు ఉంది. కాగితం మార్చాలి."

"ఆధారం?"

"మీరే చూడండి. చన్ను సాగి ఉంది. పళ్ళు అరిగాయి."

ఆమె పిల్లల వైపు తిరిగింది. "విన్నారా? నందిగామలో మేకపిల్లలు పళ్ళరిగిపోయి పుడతాయంట." తరగతి విరగబడి నవ్వింది. నా చెయ్యి ఎర్రగా పొంగింది. ఆమె తలుపు మూసి, రుమాలుతో గాజు తుడిచి, పెట్టెను మోయించుకుని వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఆ పెట్టెకు తాళం పడింది.

అప్పటికి ఆ జంతువు కథ నాకు తెలియదు. ఆ డిసెంబరులో తెలిసింది. బడీ చర్చీ ఒకే ఆవరణలో ఉన్నందువల్ల పశువుల పాక వేసే పని టీచర్ల మీద పడేది. టీచర్ల మీద ఆమె పడేది. వరిగడ్డి కప్పు, వెదురు గుంజలు, ఎర్ర కాగితం నక్షత్రం. అన్నీ సిద్ధమయ్యాక ఆమె పిల్లలను కూర్చోబెట్టి ఏటేటా ఒకే కథ, ఒక్క మాట తేడా లేకుండా చెప్పేది.

ఆమె పసితనంలో తల్లి చనిపోతే బడి హాస్టలులో వదిలి వెళ్ళారు. రోజుల తరబడి అన్నం ముట్టలేదట. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన దొరసాని ఒకామె అప్పుడు బడి నడిపేది. ఆ దొరసాని తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఈ బొమ్మను పిల్ల ఒడిలో పెట్టి, "దీనికి కూడా అమ్మ లేదు. నువ్వు చూసుకోవాలి" అన్నదట. పిల్ల ఆ పూట అన్నం తిన్నది.

"అప్పటినుంచి చూసుకుంటున్నా" అని ఆమె కథ ముగించేది. పిల్లల్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకునేవారు. ఆమె కళ్ళు మాత్రం పొడిగా ఉండేవి. కన్నీళ్ళ మీద కూడా వేలితో గీత గీసి చూస్తున్నట్టు పిల్లలను చూసేది.

కథ తెలిసిన తరువాత నేను మెత్తబడి ఉండవలసిందని కొందరు నాతో అన్నారు. కథను నేను తప్పు పట్టలేదు. కథ దొరసానిది, ఏడుస్తున్న పిల్లకు అన్నం తినిపించడానికి చెప్పింది, మంచి పనే చేసింది. కాని గాజుపెట్టె మీది కాగితం కథ కాదు. సైన్సు చెప్పే బడిలో దానిని చూసి తరం తరువాత తరం తప్పు నేర్చుకుంటున్నది. ఈ రెండింటికీ తేడా తెలియనిది ఆమెకే, తెలియజెప్పబోతే స్కేలు తీసుకునేదీ ఆమే.

ఒక ఏడాది పాకలో పెట్టే మట్టి గొర్రెపిల్ల చేతి నుంచి జారి పగిలింది. తెల్లవారితే పండుగ. కొత్తది తేవడానికి మనిషి లేడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి తాళం తీసి వాలబీని తెచ్చి బాలయేసు తొట్టి పక్కన నిలబెట్టింది. "ఆనాడు దేవుడి దగ్గరికి అన్ని జంతువులూ వచ్చాయి. ఇది రాలేదని ఆధారం ఉందా?" అంది. లేదు. అక్కడితో ఆగి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

మరుసటి డిసెంబరుకు వీపు మీద పురుగు తిన్న చోట బొచ్చు రాలింది. ఆమె అక్కడ దూది అంటించింది. మైదా ఉడికించిన జిగురుతో. "మైదాకు బొద్దింకలు వస్తాయండి, ఎలుకలు కూడా. ఉన్న బొచ్చు కూడా పోతుంది" అన్నాను. "గొర్రెపిల్లకి బొచ్చుంటే చాలదా, నీ అనుమతి కూడా ఉండాలా?" అంది. అనుకున్నట్టే ఆ ఎలుకలు చెవి ఒకటి కొరికేశాయి. ఆ తరువాతి ఏడాది చెవికి కూడా దూది. ఏడాదికి కొంత చొప్పున ఆ జంతువు ఆ దూది కింద మాయమైపోవడం నేను చూశాను. డిసెంబరు రాగానే నందిగామలో బస్సు ఎక్కేటప్పుడే నాకు ఆ లెక్క మొదలయ్యేది. ఈ ఏడు ఏది పోయిందో.

పాతకాలంలో ఇలాంటి చర్మాలకు పురుగు పట్టకుండా పాషాణం అనే విషం పూసేవారని చదివి, పిల్లలు దానిని నిమురుతున్నారు, కొందరు ముద్దు కూడా పెడుతున్నారు, ప్రమాదం అని చర్చి సంఘపెద్దల ముందే చెప్పాను.

"ఊహ తెలిసిన కాడినుంచి నేను రోజూ ముద్దు పెట్టుకుంటున్నా" అంది ఆమె. "చచ్చానా?"

సంఘపెద్దలు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా కుర్చీ చేతి మీద వేలితో గీత గీసి నాకు చూపించింది.

పదవీ విరమణ రోజున పూలదండలతో పాటు గాజుపెట్టెను కూడా ఆటోలో పెట్టించుకుంది. నేను వెళ్ళి ఆటో ముందు నిలబడి, "అది బడి సొత్తండి" అన్నాను.

"నన్ను కూడా బడే పెంచింది. నన్నూ బీరువాలో పెట్టి తాళం వేసుకో" అంది. ఆటో అబ్బాయి, తెలంగాణ వైపు నుంచి వచ్చినవాడు, వెనక్కి తిరిగి, "కుక్కకి సుత సీటు కావాల్నా అమ్మా?" అని అడిగాడు. "నోరు మూసుకుని పోనియ్యి. ఇది మీ తాతకంటే పెద్దది" అంది. ఆ జంతువు వయసు గురించి ఆమె నోట నిజం వచ్చింది అదొక్కసారి. నేను పక్కకు తప్పుకున్నాను.

పాక పెత్తనం మాత్రం ఆమె వదలలేదు. ప్రతి డిసెంబరూ వాలబీని ఒడిలో పెట్టుకుని ఆటోలో వచ్చేది. గాజుపెట్టె ఎప్పుడో పగిలిందట, కొత్తది చేయించలేదు. అలా వచ్చిన ఒక ఏడు, సంఘపెద్ద ఒకాయన పాక ముందు నిలబడి, "అంతా బాగుంది గానండి, గొర్రెపిల్లకి ఈ తోకేంటండి, పలుపుతాడులాగా? జనం నవ్వుతున్నారు" అన్నాడు.

జనం నవ్వడం ఆమె భరించలేని విషయం. తను నవ్వించడం వేరు.

నేను మరునాడు బడికి వచ్చేసరికి పాక వెనక వడ్రంగి రంపం తుడుచుకుంటున్నాడు. వాలబీ తొట్టి పక్కన ముందుకు వాలి ఉంది. తోక మీద బరువు వేసి నిలబడే జంతువు అది. తోక లేకపోతే నిలబడలేదు. ఛాతీ కింద ఇటుక పెట్టారు. తోక గడ్డిలో పడి ఉంది, కోసిన చోట నుంచి పొట్టు కారుతూ.

ఆమె వంగి తోకను తీసి నా చేతిలో పెట్టింది.

"ఎప్పుడూ ఆధారం ఆధారం అని చస్తావు గదా. ఇంద. తీసుకుపో."

ఆధారం అని చచ్చేది తనే. ఆ మాట అనాలని చాలాసేపటి తరువాత, చిల్లకల్లు దాటాక, బస్సులో తోచింది. ఒడిలో దినపత్రికలో చుట్టిన తోక ఉంది. పక్కన కూర్చున్నామె "ఏం చేపండి?" అని అడిగింది.

నాతో పాటు డిగ్రీ చదివి, ఇప్పుడు విజయవాడలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే స్నేహితుడికి ఆ తోకను, నేను తీసిన ఫొటోలను పంపాను. ఆయన తనకు తెలిసిన నిపుణులను అడిగి, చాలా వారాల తరువాత ఫోను చేశాడు. ఆయన గొంతులో నేను ఎప్పుడూ వినని తొందర ఉంది.

"అది పార్మా వాలబీ కావచ్చంటున్నారు. దాని సొంత దేశంలోనే చాలాకాలం అంతరించిపోయిందనుకున్నారట. తరువాత ఎక్కడో దీవిలో కొన్ని బతికి ఉన్నట్టు తెలిసింది. పేరు విన్నవాళ్ళే తక్కువ. అలాంటిది జగ్గయ్యపేటలో పాకలో ఇటుక మీద నిలబెట్టారా? తోక అతికించవచ్చు. పురుగును ఆపవచ్చు. మా కాలేజీ మ్యూజియంలో గాజుపెట్టె సిద్ధం చేయిస్తా. ఇంకో వానాకాలం మాత్రం అది తట్టుకోదు. ఆమె చేత్తో ఇస్తేనే తీసుకోగలం. ఒప్పించు."

ఒప్పించు. ప్రపంచంలో నాకు చేతకాని పని ఒకటుంటే అదే.

ఆ వేసవిలో ఆమె మంచం పట్టింది. మే నెల చివరి ఆదివారం నేను వెళ్ళాను. సువార్త అనే ఆవిడ ఆమెను కనిపెట్టుకుని ఉండేది. మంచం పక్కన కుర్చీలో, మనిషిని కూర్చోబెట్టినట్టు వాలబీని కూర్చోబెట్టారు. దూది అంతా ఊడిపోయింది. దాని కింద నేను ఎరిగిన బొచ్చు లేదు. తోలు పగిలి, కుర్చీ మీద సన్నని పొడి రాలి ఉంది. పురుగు లోపల పని చేస్తున్నది. ముఖం ఒక్కటే మిగిలింది. చెంప మీద తెల్లని గీత అలాగే ఉంది.

"వచ్చావా నందిగామా. బస్సు దొరికిందా?"

"దొరికిందండి."

"నా కోసం రాలేదు నువ్వు."

"లేదండి. దాని కోసం వచ్చాను." నేను స్నేహితుడు చెప్పినదంతా చెప్పాను. జాతి పేరు చెప్పాను. తోక అతికిస్తారని, పురుగు పోతుందని, ఆమె పేరు కూడా కింద రాయిస్తానని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందనుకున్నాను.

"ఇస్తా" అంది. "ఒక మాట అను. ఇది పిల్ల అని నా ఎదురుగా అను. తీసుకుపో."

గుమ్మంలో నిలబడిన సువార్త నాకు సైగ చేసింది. ఆగలేక పైకే అంది. "అనెయ్యండి టీచర్ గారూ. ఒక మాటంటే ఏం అరిగిపోద్ది? ముసలామె, తృప్తిగా ఉంటది."

సువార్తకు అది ఒక మాట. నేను ముప్పై మంది పిల్లల ముందు దెబ్బ తిని కూడా అనని మాట అది. స్టాఫ్ రూములో, సంఘంలో, ఆటో ముందు, పాక ముందు, ఎక్కడా అనలేదు. నాకు ఇంకే గొప్పా లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నదొక్కటే ఉంది. కుర్చీ వైపు చూశాను. నేను చూస్తుండగానే చెవి మొదట్లో నుంచి పొడి ఇంకొంచెం రాలింది. జూన్ వానలు ఎంతో దూరంలో లేవు.

"ఇది పిల్లండి" అన్నాను.

"ఎవరి పిల్ల?"

"తల్లి లేని పిల్ల."

ఆమె కళ్ళు తెరిచింది. ఇన్నేళ్ళలో ఆ కళ్ళు అంత వెలిగి ఉండగా నేను చూడలేదు.

"ఆధారం?"

నా చూపు దాని పొట్ట కింది చీలిక మీదికి పోయింది.

"లేదు గదా? ఆధారం లేని మాట నా ఎదురుగా ఎట్లా అన్నావు?" ఆమె మోచేతి మీద లేవబోయింది, సువార్త పరుగున వచ్చి పట్టుకుంది. "అది తల్లే. నీకంటే ముందు నేను వేలు పెట్టి చూసా, పదేళ్ళ పిల్లప్పుడు. చన్ను సాగి ఉంది. నాకు తెలీదనుకున్నావా? సైన్సు నేనూ చదివా."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు—"

"దొరసాని నాకు చెప్పిన మాట అది. అబద్ధమే. నన్ను బతికించింది. అది అబద్ధం అనే హక్కు నాకుంది. నందిగామ నుంచి బస్సెక్కి వచ్చిన ప్రతిదానికీ లేదు." ఆయాసంతో ఆగింది. మళ్ళీ అంది, ఈసారి నెమ్మదిగా. "నువ్వు అననంటే ఇద్దామనుకున్నా. ఒట్టు. వస్తువు కోసం మాట మార్చేదాని చేతికి దాన్ని ఇవ్వను. పో."

నేను లేచాను. చెప్పులు వేసుకుంటుంటే లోపల నుంచి ఆమె నవ్వు వినిపించింది; దగ్గుతో కలిసిన, పొడి నవ్వు. అననంటే ఇచ్చేదని నేను నమ్మను. అప్పుడు ఇంకొక మెలిక దొరికేది. నా నోటి నుంచి ఆ మాట తీసుకుని, నాకు ఏమీ ఇవ్వకుండా పంపించడానికే ఆమె అంతకాలం ప్రాణాలు నిలుపుకున్నదని ఆ రోజు రాసుకున్నాను. ఇప్పుడు చల్లబడి చదివినా ఒక్క మాట కొట్టెయ్యవలసిన అవసరం కనిపించడం లేదు.

వానలు పడ్డాక ఆమె పోయింది. నేను వెళ్ళేసరికి చర్చిలో శవపెట్టె తెరిచే ఉంచారు. తెల్లచీర, గడియారం, రుమాలు. ఎడమచేతి వంపులో, చంటిబిడ్డను చుట్టినట్టు తెల్లగుడ్డలో చుట్టిన వాలబీ. ముఖం మాత్రం బయటికి కనిపిస్తున్నది.

పాస్టరు గారు చిన్నవాడు, మర్యాదస్తుడు. పక్కకు పిలిచి చెప్పాను. "అయ్యగారూ, దాన్ని తీయించండి. అది అరుదైన జంతువు. భూమిలో పెడితే ఇక ఎవరికీ దొరకదు."

"ఆమె కోరికమ్మా. అందరి ముందూ చెప్పి పోయారు."

"విజయవాడలో గాజుపెట్టె సిద్ధంగా ఉందండి. ఒక్క ఫోను చేస్తే మనిషి వస్తాడు."

"ఇప్పుడు ఈ జనం ముందు శవం చేతిలోంచి లాగమంటారా?" అన్నారాయన. నొచ్చుకుంటూనే అన్నారు. సంఘపెద్దలు మా వైపు చూస్తున్నారు. ఆ చేతిని విప్పగల మనిషి ఆ చర్చిలో లేడు. చివరి ప్రార్థనలో ఆయన, "తల్లిలేని గొర్రెపిల్లను జీవితమంతా మోసిన కాపరి" అన్నారు. ఒక వాక్యంలో రెండు తప్పులు. ఆడవాళ్ళు బావురుమన్నారు. మూత వేసి మేకులు కొట్టారు.

సమాధి గుంత దగ్గర నేల ఇంకా తడిగా ఉంది. అందరూ వరసగా వచ్చి పిడికెడు మట్టి వేసి వెళుతున్నారు. నా వంతు వచ్చింది. చేతిలోకి తీసుకున్న మట్టిలో సున్నపురాయి ముక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటే ఏరి పక్కన పడేశాను. "కానివ్వండమ్మా, ఎనక జనం ఉన్నారు" అని ఎవరో అన్నారు. మెత్తటి మట్టి మాత్రం మిగిలాక, ఆమె ఎడమచెయ్యి ఎటు ఉంటుందో చూసుకుని అటు వేశాను.

ఆమె మీద వేయలేదు.